ఏటిగట్టు తీర్పు

రాజమహేంద్రవరంలో చేసిన ఆదుర్తి సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం



ఆదుర్తి సుబ్బారావుగారు 1912 డిసెంబరు 16న ఈ ఊళ్ళోనే పుట్టారు. బొంబాయి వెళ్ళి ఫొటోగ్రఫీ చదువుకున్నారు. ఎడిటింగ్ గదిలో ఫిల్ము కత్తిరించి అతికే పనిలో చెయ్యి తిరిగాక దర్శకత్వానికి వచ్చారు. 1975 అక్టోబరు 1న, అరవై మూడేళ్ళయినా నిండకుండా వెళ్ళిపోయారు. ఆయన తీసిన సినిమాల వరస, ఆయన చేతిమీదుగా తెరకెక్కిన నటుల వరస మీ అందరికీ తెలుసు. కృష్ణగారిని 'తేనె మనసులు'తో హీరోని చేసింది ఆయనే. విశ్వనాథ్‌గారు దర్శకత్వంలో ఓనమాలు దిద్దింది ఆయన దగ్గరే. ఆ జాబితా చదివి మీ సమయం తీసుకోను. ఒక్క సినిమా దగ్గరే ఆగి మాట్లాడతాను. అది 1964 జనవరి 31న విడుదలైన 'మూగమనసులు'.

దాని పక్కన ఒక ఫ్రెంచి సినిమా పెడతాను. ఫ్రాన్సువా త్రుఫో తీసిన 'జూల్ ఎ జిమ్'. 1962 జనవరిలో విడుదలైంది. గట్టెక్కని ప్రేమల మీద ప్రపంచంలో వచ్చిన సినిమాల మాట ఎత్తితే ఫిలిం సొసైటీలవాళ్ళు మొదట చెప్పే పేర్లలో అదొకటి. 'మూగమనసులు' పేరు ఆ వరసలో ఎవరూ చెప్పరు. మనమూ చెప్పం. ఆ సినిమా పాటలు రేడియోలో విన్నాం, క్యాసెట్లలో దాచుకున్నాం, అక్కినేని, సావిత్రి, జమున ముగ్గురూ ఎంత బాగా చేశారని మురిసిపోయాం. ఆ సినిమాలో ప్రేమికులిద్దరూ ఎందుకు మునిగిపోవలసి వచ్చిందో మాత్రం గట్టిగా అడగలేదు. ఈ ఊళ్ళో, ఈ నది పక్కన, ఆయన పేరు మీద పెట్టిన సభలో ఆ మాట అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

చిన్నవాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. కొత్తగా పెళ్ళయిన జంట గోదావరి మీద పడవలో వెళుతుంది. నది మధ్యలో సుడిగుండం దగ్గరికొచ్చేసరికి ఆ కుర్రాడికి ఏదో గుర్తుకొచ్చినట్టవుతుంది. ఒడ్డున ఒక సమాధి, దాని దగ్గర ఒక ముసలామె. ఆమె పేరు గౌరి. వెనకటి కథ ఆమె చెబుతుంది. గోపి దిక్కులేని పడవవాడు. జమీందారుగారి అమ్మాయి రాధ రోజూ అతని పడవలోనే కాలేజీకి వెళుతుంది. అతను ఆమెను అమ్మాయిగోరు అంటాడు, రోజుకో పువ్వు తెచ్చిస్తాడు. గౌరికి గోపి అంటే ప్రాణం. రాధకు ఇంకొకరితో పెళ్ళవుతుంది, కొన్నాళ్ళకే భర్త పోతాడు, పుట్టింటికి తిరిగొస్తుంది. గోపి ఆమెను కంటికి రెప్పలా చూసుకుంటాడు. ఊరు నోరు పారేసుకుంటుంది, తర్వాత చెయ్యి చేసుకోడానికి వస్తుంది. చివరికి పడవలో ఇద్దరూ సుడి పాలవుతారు. ఆ జంటే మళ్ళీ పుట్టి మొగుడూ పెళ్ళాలై వచ్చిందని గౌరి గుర్తుపడుతుంది.

కథ ముళ్ళపూడి వెంకటరమణగారిది. ఆయన పుట్టింది ధవళేశ్వరంలో. అఖండ గోదావరిగా వచ్చిన నది గౌతమిగా, వశిష్ఠగా చీలే చోటు అది. ఇలాంటి కథ అక్కడ పుట్టిన మనిషికే తట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. రేవు చూడని రచయితకు పడవలో జరిగే సంగతులు తెలియవు.

ఏం జరుగుతుంది పడవలో? 1964 నాటి గోదావరిని ఊహించుకోండి. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద రైళ్ళు మాత్రమే నడిచేవి. రోడ్డున్న వంతెన 1974లో గాని రాలేదు. కొవ్వూరు నుంచి రాజమండ్రికి చదువుకో, ఆస్పత్రికో, కోర్టుకో రావాలంటే రైలెక్కాలి, లేకపోతే రేవుకొచ్చి పడవెక్కాలి. లంకల్లో ఉండేవాళ్ళకు పడవ తప్ప దారే లేదు. చాలా లంకలకు ఇప్పటికీ లేదు. అందుకని పెద్ద కుటుంబాల ఆడపిల్లలు, కూలికెళ్ళే ఆడవాళ్ళు, కరణంగారు, చేపల గంపలు, పాల బిందెలు ఒకే పడవలో పక్కపక్కన కూర్చోవలసి వచ్చేది. ఊళ్ళో ఎవరి వీధి వారిది, ఎవరి నుయ్యి వారిది. పడవలో మాత్రం అందరి కిందా ఉన్నది ఒకటే చెక్క.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏటి మధ్యలో పెత్తనం పడవవాడిది. ఎంత పెద్ద మనిషైనా అతను కూర్చోమన్న వైపు కూర్చోవాలి, కదలొద్దంటే కదలకూడదు. ఎర్రనీరు పోటెత్తి వస్తుంటే ఎక్కడ గడ వెయ్యాలో, ఎక్కడ తెడ్డు ఆపాలో, ఏ మలుపులో సుడి తిరుగుతోందో అతనికి తెలుసు, జమీందారుకు తెలియదు. గంటసేపు అందరి ప్రాణాలూ అతని చేతిలో ఉంటాయి. అవతలి రేవులో దిగగానే అతను మళ్ళీ అరే, ఒరే. రాధ రోజూ ఈ రెండు లోకాల మధ్య తిరుగుతోంది. ఊళ్ళో తన ఇంటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే కుర్రాడు నీళ్ళ మీద ఎలా ఉంటాడో ఆమెకొక్కదానికే రోజూ కనపడుతోంది. ఆదుర్తి ఈ ప్రేమను కళ్ళు కళ్ళు కలవడంతో మొదలుపెట్టలేదు. ఒక మనిషి తన పనిలో ఎంత పెద్దవాడో ఇంకొక మనిషి గమనించడంతో మొదలుపెట్టాడు. సినిమాలో పడవవాడు కాలేజీ అమ్మాయికి తన యాసలో పాట నేర్పే ఘట్టం ఉంది చూడండి, అందులో ఉన్నది సరదా ఒక్కటే అనుకుంటాం. అక్కడ గురువు ఎవరు, శిష్యురాలు ఎవరు? చదువుకున్న పిల్ల తప్పు పలుకుతుంది, చదువురాని వాడు దిద్దుతాడు. నది మధ్యలో గనక దిద్దగలిగాడు. ఊళ్ళో ఆ మాట అనగలడా?

నా విద్యార్థులకు రెండు సినిమాలూ చూపించినప్పుడు ఒకమ్మాయి అడిగింది: సార్, 'మూగమనసులు'లో వాళ్ళు ఒకరినొకరు ప్రేమిస్తున్నామని ఎందుకు చెప్పుకోరు? మంచి ప్రశ్న. త్రుఫో సినిమాలో మనుషులు తమ ప్రేమ గురించి ఆపకుండా మాట్లాడుకుంటారు, ఉత్తరాలు రాసుకుంటారు, వాదించుకుంటారు. వాళ్ళకు మాటలకు కొదవ లేదు. గోపికి, రాధకు ఆ అవకాశం లేదు. ఆ మాట ఒక్కసారి నోరు జారితే అది పాపం అయిపోతుంది. అందుకని అది పువ్వు రూపంలో, పాట రూపంలో, సేవ రూపంలో బతకాలి. రాధ విధవరాలై తిరిగొచ్చాక గోపి ఆమె కోసం పాడే పాట గుర్తుతెచ్చుకోండి. ఆత్రేయ రాశారు, ఘంటసాల పాడారు. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యంగారు మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' కార్యక్రమానికి పేరిచ్చింది ఆ పాటే. అంత పేరొచ్చిన ఆ పాట ఒక జోలపాట. వయసులో ఉన్న మగవాడు వయసులో ఉన్న ఆడదానికి జోలపాట పాడుతున్నాడు. ఊరు ఒప్పుకునే బంధం ఏదీ మిగలనప్పుడు అతను ఆమెను పసిపిల్లను చేసుకుని ఓదార్చవలసి వచ్చింది. తెలుగు సినిమాలో ఇంతకన్నా బాధ కలిగించే ప్రేమ ఘట్టం నేను చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాజమండ్రి. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రామన్నారు, బంధువులు గుమ్మం తొక్కలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆ పెళ్ళికీ 'మూగమనసులు' విడుదలకీ మధ్య ఎనభై రెండేళ్ళు. విధవరాలికి మళ్ళీ పెళ్ళి తప్పు కాదని ఎనభై రెండేళ్ళ ముందే రుజువు చేసిన ఊళ్ళో, ఆ నది మీదే తీసిన సినిమాలో, విధవరాలు తను ఇష్టపడ్డవాడితో బతకలేకపోయింది. చచ్చి మళ్ళీ పుట్టవలసి వచ్చింది.

దీనికి రచయితనో దర్శకుణ్ణో తప్పుపట్టడం తేలిక. నేను పట్టను. వీరేశలింగంగారు దాటించిన గీత ఒకటి, రాధా గోపీ దాటవలసిన గీతలు మూడు. ఆమె విధవరాలు, అతను చాకిరీ చేసేవాడు, ఆమెది మేడ, అతనిది గుడిసె. ఆనాటి వితంతు వివాహాలు చాలావరకు ఒకే కులంలో జరిగినవి. ఆ సంస్కరణ గొప్పదే, ఆ మాట ఈ ఊళ్ళో నిలబడి కాదనేవాణ్ణి కాను. కానీ అది రేవు దాకా రాలేదు. పడవవాడి గుడిసె గుమ్మం దాకా అసలు రాలేదు. ఆదుర్తి తన సినిమాలో పెట్టింది సరిగ్గా ఆ మిగిలిపోయిన దూరాన్ని.

వాళ్ళను చంపిందెవరు? సుడిగుండం అంటారు మామూలుగా. విధి అంటారు. సినిమాని శ్రద్ధగా చూడండి. నది ఎన్నిసార్లు వాళ్ళను మోసిందో లెక్కపెట్టండి. ఎండలో, వెన్నెల్లో, గాలిలో, ఏళ్ళ తరబడి ఆ నది వాళ్ళనిద్దర్నీ భద్రంగా దాటించింది. ప్రతి కష్టమూ నేల మీద మొదలైంది. పెళ్ళి నిర్ణయం మేడలో జరిగింది, చాడీలు వీధిలో పుట్టాయి, రాళ్ళు గట్టు మీదనుంచి వచ్చాయి. ఊళ్ళో నిలువనీడ ఉంటే వాళ్ళు ఆ సుడి వైపు వెళ్ళి ఉండేవారు కాదు. తీర్పు చెప్పింది ఏటిగట్టు. గోదావరి దాన్ని అమలుచేసింది, అంతే.

ఇందుకే నాకు ఫ్రెంచి సినిమా అవసరమైంది. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా కళ్ళకు కడుతుంది. 'జూల్ ఎ జిమ్' ఆన్రి పియేర్ రొషే నవల ఆధారంగా తీసింది. రొషే దాన్ని డెబ్బై దాటాక, తన యవ్వనం తలుచుకుంటూ రాశాడు, 1953లో అచ్చయింది. సినిమా చూడకుండానే 1959లో చనిపోయాడు. జూల్ ఆస్ట్రియావాడు, జిమ్ ఫ్రెంచివాడు, ప్రాణస్నేహితులు. వాళ్ళ జీవితంలోకి కాతరీన్ వస్తుంది. జాన్ మొరో ఆ వేషం వేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో స్నేహితులిద్దరూ చెరో వైపు నిలబడి, ఎక్కడ తన గుండు స్నేహితుడికి తగులుతుందోనని భయపడుతూ పోరాడతారు. కాతరీన్ జూల్‌ను పెళ్ళి చేసుకుంటుంది, కూతురు పుడుతుంది, మనసు జిమ్ వైపు వెళుతుంది. ఆమె పూర్తిగా దూరం కాకుండా ఉంటే చాలని జూల్ అందుకూ ఒప్పుకుంటాడు. చివరికి ఒకరోజు జూల్‌ను చూస్తూ ఉండమని చెప్పి, జిమ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, కాతరీన్ కారును విరిగిన వంతెన మీదనుంచి నీళ్ళలోకి నడిపేస్తుంది.

అక్కడ వాళ్ళను తరిమిన ఊరు లేదు. వాళ్ళ ఇంటికి ఎవరూ కర్రలు పట్టుకుని రాలేదు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళు, అక్కరకు సరిపడా డబ్బున్నవాళ్ళు, ఏ కట్టుబాటూ తమకు వర్తించదని నిర్ణయించుకున్నవాళ్ళు. గట్టు లేని నదిలాంటి జీవితం కావాలనుకున్నారు. ఆ స్వేచ్ఛ లోపలే వాళ్ళ నాశనం ఉంది. కాతరీన్ సినిమా మొదట్లోనే ఒకసారి సేన్ నదిలోకి దూకుతుంది, మగవాళ్ళు ఆడవాళ్ళ గురించి అవాకులు పేలుతుంటే వినలేక. అంటే నీళ్ళు ఆమె ఎంచుకున్నవి. రాధ ఎంచుకోలేదు. మొరో ఆ సినిమాలో గిటారు తోడుగా పాడిన పాటకు పెట్టిన పేరు కూడా సుడిగుండమే. ప్రేమలో మనుషులు కలిసి విడిపోయి మళ్ళీ కలిసే తిరుగుడు అని అక్కడ దాని భావం. మనకది భావం కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు ఒడ్డున రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలను మీలో చాలామంది చూసే ఉంటారు. గోదావరి జిల్లాల ప్రేక్షకుడు తెర మీద సుడి చూసినప్పుడు అతని ఒంట్లో పుట్టే వణుకు పారిస్ ప్రేక్షకుడికి తెలియదు.

రెండు సినిమాలకూ దగ్గరితనం ఉన్నది వేరేచోట. మిగిలిపోయిన మనిషి దగ్గర. జూల్ ఇద్దర్నీ దహనం చేయిస్తాడు. తన బూడిదను కొండ మీదనుంచి గాలిలో కలపమని కాతరీన్ కోరుకుని ఉంటుంది, నిబంధనలు ఒప్పుకోవు గనక అదీ జరగదు. జూల్ ఒక్కడే శ్మశానం నుంచి నడిచి వెళ్ళిపోతాడు. మన సినిమాలో గౌరి మిగిలిపోయింది. తను ప్రేమించినవాడు ఇంకొకామెతో నీళ్ళలో కలిసిపోతే, ఆ ఇద్దరి సమాధి దగ్గర జీవితమంతా వెళ్ళదీసింది. అసూయపడే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఆ హక్కు వాడుకోలేదు. వచ్చినవాళ్ళకు వాళ్ళ కథ చెప్పింది. ఆమె లేకపోతే రాధా గోపీల పేర్లు ఊరి చాడీల్లో మాత్రమే మిగిలేవి.

పునర్జన్మ సంగతి మాట్లాడకుండా తప్పించుకోను. అది మూఢనమ్మకమని, ప్రేక్షకులను ఊరడించడానికి అతికిన ముక్క అని కొందరంటారు. అది రాజీయేనని నేనూ అంటాను. ఆనాటి హాల్లో కూర్చున్న జనం ముందు విధవరాలిని, పడవవాణ్ణి ఈ జన్మలోనే కాపురం పెట్టించి చూపిస్తే ఆ సినిమా ఎన్నాళ్ళాడేదో నిర్మాతకూ తెలుసు, దర్శకుడికీ తెలుసు. కానీ ఆ రాజీ ఎంత ఖరీదైందో గమనించండి. మళ్ళీ పుట్టే భాగ్యం రాధకూ గోపికీ దక్కింది. గౌరికి దక్కలేదు. ఆమె ఈ ఒక్క జన్మలోనే ముసలిదైపోయింది. కూలి ఇంట పుట్టి, పెంకితనంతో, నవ్వుతో, తెగింపుతో బతికిన ఆడపిల్లకు కథలో ఏ ఊరడింపూ లేదు. జమున ఆ వేషాన్ని ఎంత బాగా చేశారంటే, ఆదుర్తిగారే 1967లో హిందీలో 'మిలన్' తీసినప్పుడు గోపి మారాడు, రాధ మారింది, సునీల్ దత్ వచ్చారు, నూతన్ వచ్చారు, గౌరి మాత్రం జమునగారే. ఆ వేషానికి ఆమెకు ఫిలింఫేర్ ఉత్తమ సహాయనటి బహుమతి కూడా వచ్చింది. ఆ కథను మోసేది గౌరి అని దర్శకుడికి తెలుసు.

ఇక పాటలు. ఫిలిం సొసైటీల్లో తిరిగిన మా తరంవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. మన సినిమాలో పాట రాగానే ఇది కళ కాదు, వ్యాపారం అని పెదవి విరిచేవాళ్ళం. 'మూగమనసులు' విడుదలైన మరుసటి నెలలో, 1964 ఫిబ్రవరిలో, ఫ్రాన్సులో జాక్ దెమీ 'షెర్బూర్ గొడుగులు' విడుదల చేశాడు. గొడుగుల కొట్టు అమ్మాయి, కార్లు బాగుచేసే కుర్రాడు, అల్జీరియా యుద్ధం వాళ్ళను విడదీస్తుంది. ఆ సినిమాలో ప్రతి మాటా పాటే. పెట్రోలు పొయ్యడం గురించి కూడా పాడతారు. మిషెల్ లెగ్రాన్ సంగీతం. కాన్ చిత్రోత్సవంలో ఆ ఏడాది పెద్ద బహుమతి దానికే ఇచ్చారు. పాటలో కథ చెప్పడం అక్కడ గొప్ప ప్రయోగమైంది, ఇక్కడ అదే పని మామూలుగా చేసిన కె.వి.మహదేవన్, సుశీల, ఘంటసాల, ఆత్రేయ, దాశరథి, కొసరాజులను మనం కళాకారుల లెక్కలో వెయ్యడానికి మొహమాటపడ్డాం. గోదావరి గట్టు మీద గౌరి పాడే పాట రాసింది దాశరథిగారు, వరంగల్ జిల్లా మనిషి. తెలంగాణ కవి రాసిన పాట గోదావరి జిల్లాల సొంత పాటైపోయింది. పల్లె మనిషి పలుకుబడిలో ప్రేమను పాడడం మనకు కొత్త కాదు. ఏలూరు ప్రాంతపు నండూరి సుబ్బారావుగారు ఎంకినీ నాయుడుబావనూ అంతకు నలభై ఏళ్ళ ముందే పాడించారు. ఆ పలుకుబడిని వెక్కిరింతకు వాడకుండా, అందులోనే గాఢమైన ప్రేమను చెప్పిన సినిమా 'మూగమనసులు'.

ముళ్ళపూడి పడవవాణ్ణి ఒక్కసారితో వదిలిపెట్టలేదు. 1967లో బాపుగారి మొదటి సినిమా 'సాక్షి'కి కథ ఆయనదే. పులిదిండిలో తీశారు. అందులోనూ నాయకుడు ఏరు దాటించేవాడే. హత్యను కళ్ళారా చూసి, ఊరి పెద్దల మాట నమ్మి సాక్ష్యం చెబుతాడు. హంతకుడు పగ తీర్చుకోడానికి వస్తున్నాడనగానే అదే ఊరు అతన్ని ఒంటరిగా వదిలేసి తలుపులేసుకుంటుంది. ఒకే రచయిత, మూడేళ్ళ తేడాలో, రెండుసార్లు పడవవాణ్ణి ఊరికి ఎదురుగా నిలబెట్టాడు. రెండుసార్లూ ఊరే ఓడిపోయింది, నీతిలో. ముళ్ళపూడి హాస్యం గురించి పుస్తకాలు రాశాం. ఆయన కోపం గురించి ఎవరైనా రాయాలి.

ఆదుర్తి కోపం తర్వాతి సినిమాల్లో ఇంకా బాహాటంగా వచ్చింది. అక్కినేనితో కలిసి చక్రవర్తి చిత్ర పేరిట 'సుడిగుండాలు' తీశారు, తర్వాత 'మరో ప్రపంచం' తీశారు. లాభాల కోసం తీసినవి కావవి. 'సుడిగుండాలు'లో సొంత కొడుకును పోగొట్టుకున్న జడ్జి, ఆ హత్య చేసిన కుర్రాళ్ళ తరఫున నిలబడి, వాళ్ళను అలా పెంచిన సమాజాన్ని బోనెక్కిస్తాడు. నీళ్ళలో మునిగిన వాళ్ళ కథ చెప్పిన దర్శకుడు అక్కడ పునర్జన్మ ఊరడింపు కూడా తీసేశాడు. 'మూగమనసులు', 'సుడిగుండాలు' రెండింటినీ కలిపి చూడనివాళ్ళకు ఆదుర్తి సగమే తెలుసు.

సావిత్రిగారి మాట ఒకటి చెప్పాలి. 'మూగమనసులు' మీద ఆమెకు ఎంత మమకారమంటే తమిళంలో 'ప్రాప్తం' పేరిట తనే నిర్మించి, తనే దర్శకత్వం వహించారు. శివాజీ గణేశన్ గోపి వేషం. 1971లో విడుదలై దెబ్బతింది. ఆమె ఆస్తుల్ని తిన్న వాటిలో ఆ సినిమా ఒకటి. దాన్ని సావిత్రి పతనంలో ఒక మెట్టుగా చెప్పుకోవడమే మనకు అలవాటు. తెలుగులో తను బతికించిన పాత్ర మరో భాషలోనూ బతకాలని ఒక నటి పూనుకుని మెగాఫోన్ పట్టుకుంది, ఆ సంగతికి ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

గోదావరి మీద ఆ తర్వాతా ప్రేమకథలు వచ్చాయి. పసలపూడి వంశీ తీసిన 'సితార' 1984 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి తెచ్చుకుంది. ఘోషాలో మగ్గిన రాచకుటుంబపు అమ్మాయికీ పగటివేషగాడికీ ప్రేమ. మళ్ళీ మేడ, మళ్ళీ వీధి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే గీత దగ్గర కథ నిలబడింది. అయితే ఇటీవలి సినిమాల్లో గోదావరి అందమైన తెర అయిపోయింది. పాపికొండల మధ్య ఒక పాట, పుష్కరఘాట్‌లో ఒక హారతి, పొద్దు గుంకుతుంటే వంతెన. నది కనపడుతోంది, ఏటిగట్టు కనపడడం లేదు. గట్టు మీద కులం ఉంది, ఆస్తి ఉంది, పరువు పేరిట కన్నపిల్లల్ని చంపించిన వార్తలు తెలుగు పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. కులం దాటి పెళ్ళి చేసుకున్న కుర్రవాళ్ళు పోలీసు స్టేషన్ల మెట్ల మీద రక్షణ కోసం కూర్చుంటున్నారు. వాళ్ళకు రెండో జన్మ ఎవరూ రాసిపెట్టలేదు.

నా తీర్పు చెబుతాను. 'జూల్ ఎ జిమ్' గొప్ప సినిమా. స్వేచ్ఛ దొరికిన మనుషులు ఆ స్వేచ్ఛతో ఏం చేసుకుంటారో అంత నిజాయితీగా చూపిన సినిమాలు తక్కువ. 'మూగమనసులు' అంతకన్నా ఒక మెట్టు కింద ఉన్నదని నేను ఒప్పుకోను. అందులో నాటకీయత ఎక్కువైన చోట్లున్నాయి, హాస్యం అతికించినట్టున్న చోట్లున్నాయి. కానీ స్వేచ్ఛ దొరకని మనుషులు ఒక చెక్కపడవలో రోజుకో గంట దాన్ని ఎలా సంపాదించుకున్నారో చూపిన సినిమా అది. ప్రపంచ సినిమా చరిత్రలో దాని చోటు దానికి రావాలి. అది మనం రాస్తేనే వస్తుంది.

అందుకని మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. డిసెంబరు 16 ఆదుర్తిగారి పుట్టినరోజు. ఆ సాయంత్రం ఈ ఊళ్ళో 'మూగమనసులు' మంచి ప్రింటుతో, పెద్ద తెర మీద వేద్దాం. మర్నాడు అదే హాల్లో తెలుగు వ్యాఖ్యానంతో 'జూల్ ఎ జిమ్' వేద్దాం. కాలేజీ పిల్లల్ని పిలుద్దాం. లంకల్లో ఇప్పటికీ పడవలు నడుపుతున్నవాళ్ళను ముందు వరసలో కూర్చోబెడదాం. సినిమా అయ్యాక మైకు మొదట వాళ్ళకే ఇద్దాం. హాలు సంగతి నేను చూస్తాను. మీరు మీ ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని రండి.